నిర్లక్ష్యానికి గురైన బడ్జీల గుంపును ఇంటికి తెచ్చుకుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండేళ్ళ కిందట గుంటూరులో మా వీధి చివరి ఇంటివాళ్ళు ఊరు మారుతూ, డాబా మీదున్న 14 పిట్టల్ని ఎవరైనా తీసుకెళ్తారా అని అడిగారు. అన్నీ ఒకే ఇనుప పంజరంలో ఉన్నాయి. అడుగున మూడు వేళ్ళ మందాన రెట్టలు, గింజల పొట్టు. పైన వేలాడుతూ నాలుగు మట్టి కుండలు. నాకీ పని అలా మొదలైంది. ఇలాంటి పిట్టల్ని తెచ్చుకున్నవాళ్ళు, తెచ్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళు అప్పట్నుంచి నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. నేను డాక్టర్ని కాదు, అందుకే మందుల మోతాదులు రాయలేదు. 35 గ్రాముల ప్రాణికి ఒక్క చుక్క ఎక్కువైనా ప్రమాదమే.

ఇవి లవ్ బర్డ్సా, బడ్జీలా?

మన షాపుల్లో లవ్ బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు బడ్జీలే. పూర్తి పేరు బడ్జెరిగార్. ఆస్ట్రేలియా మధ్యభాగంలోని ఎండు మైదానాల్లో వందలూ వేలూ గుంపులుగా తిరిగే చిన్న చిలుకలు. 1840లో జాన్ గూల్డ్ వీటిని ఇంగ్లండ్‌కి తీసుకెళ్ళాడు, అక్కణ్ణుంచి ప్రపంచమంతా పంజరాల్లోకి చేరాయి. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. ఒళ్ళు గుండ్రంగా, తోక పొట్టిగా ఉంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం బడ్జీ అనే చెప్పండి. జబ్బులూ బరువులూ రెండిటికీ వేరు.

తీసుకునే ముందు ఏం చూసుకోవాలి?

మీ ఇంట్లో ఇప్పటికే పక్షులున్నాయా అన్నది మొదట చూసుకోవాలి. ఉంటే కొత్తవాటిని కనీసం 30 నుంచి 45 రోజులు వేరే గదిలో ఉంచగలగాలి. గది వేరు, గిన్నెలు వేరు, తుడిచే గుడ్డ కూడా వేరు. పాతవాటి పని ముందు పూర్తి చేసుకుని, తర్వాత కొత్తవాటి దగ్గరికి వెళ్ళాలి. అలా వీలుకాని ఇల్లయితే తెచ్చుకోకండి. జాలితో తెచ్చిన గుంపు వల్ల ఇంట్లో ఉన్న పిట్టలు పోతే ఆ బాధ తట్టుకోలేం.

పాత యజమానిని కొన్ని అడిగి రాసుకోండి. ఎన్నేళ్ళ నుంచి ఉన్నాయి, ఏం పెట్టేవారు, ఈ మధ్య ఎన్ని చనిపోయాయి, కుండల్లో గుడ్లూ పిల్లలూ ఉన్నాయా. తప్పు పట్టినట్టు అడిగితే ఎవరూ నిజం చెప్పరు. మా పిట్టల యజమాని భార్య మెల్లగా, "పోయిన నెల్లో నాలుగు పోయాయండీ, ఎందుకో తెలీదు" అంది. డాక్టరుకి అన్నిటికంటే పనికొచ్చింది ఆ ఒక్క మాటే.

మొదటి రోజు ఏం చేయాలి?

చాలా తక్కువ చేయాలి. స్నానం చేయించొద్దు, గోళ్ళు కత్తిరించొద్దు, తిండి మార్చొద్దు. అవి తినే గింజలనే పెట్టి, శుభ్రమైన నీళ్ళు పెట్టి, గాలి నేరుగా కొట్టని చోట పంజరం ఉంచి, ఒక పక్క గుడ్డ కప్పండి. భయపడ్డ పిట్టకి ముందు గోడ వైపు ఒక దాపు కావాలి.

పంజరం మాత్రం మార్చేయండి. తుప్పు పట్టిన ఊచల్ని, జింకు పూత పెచ్చులూడే ఊచల్ని ఇవి కొరుకుతూనే ఉంటాయి. జింకు ఒంట్లోకి వెళ్తే విషం. ఊచల మధ్య సందు అర అంగుళం దాటకూడదు, దాటితే తల ఇరుక్కుంటుంది.

గిన్నె నిండా గింజలున్నాయి. అయినా అన్నీ ఎందుకు చిక్కిపోయాయి?

గిన్నెలోకి ఒకసారి ఊది చూడండి. డాబా మీద ఆ పంజరంలో మూడు గిన్నెలూ నిండుగానే కనిపించాయి. నేను వంగి మెల్లగా ఊదితే పైనున్నదంతా బంగారు రంగు పొరలుగా లేచి నా మొహం మీదే పడింది. అంతా పొట్టే. అడుగున ఒక చెంచాడు గింజలు కూడా లేవు. బడ్జీ గింజని ముక్కుతో ఒలిచి, లోపలి పప్పు తిని, పొట్టుని అక్కడే వదిలేస్తుంది. దూరం నుంచి చూసేవాళ్ళకి గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఆ ఇంటివాళ్ళు క్రూరులేం కాదు. గింజలున్నాయి కదా అనుకున్నారు. ఎన్నో పిట్టలు ఇలాగే నిండు గిన్నె ముందు ఆకలితో చచ్చిపోతాయి. రోజుకోసారి పొట్టు ఊదేయడం కంటే గిన్నె ఖాళీ చేసి కొత్త గింజలు పోయడమే మంచిది.

గుంపులో బలంగా ఉన్నవి గిన్నె దగ్గర మిగతావాటిని తరిమేస్తాయి. అందుకని తక్కువలో తక్కువ నాలుగు చోట్ల గిన్నెలు పెట్టండి, ఒకటి కిందనే ఉండాలి. ఎగరలేనిది అక్కడ తింటుంది.

తూకం వేయాలంటారు. అంత అవసరమా?

ఈ పేజీలో మీరు ఒక్కటే పాటించాలనుకుంటే ఇది పాటించండి. గుంపుని గుంపుగా చూస్తే జబ్బు కనిపించదు. 14 పిట్టలు కిచకిచలాడుతుంటే అన్నీ బాగున్నట్టే అనిపిస్తుంది. పైగా పక్షులు జబ్బుని దాచుకుంటాయి. అడవిలో నీరసంగా కనపడ్డదాన్నే డేగ ఎత్తుకుపోతుంది కాబట్టి, చివరి దాకా మామూలుగా ఉన్నట్టే కూర్చుంటాయి. ఈకలు ఉబ్బించుకుని కూర్చునేసరికి చాలాసార్లు ఆలస్యమైపోయి ఉంటుంది. బరువు మాత్రం ముందే చెప్పేస్తుంది.

వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు చాలు, ఒక్క గ్రాము తేడా చూపించేది. గాలి ఆడేలా రంధ్రాలు చేసిన చిన్న ప్లాస్టిక్ డబ్బాని దాని మీద పెట్టి సున్నా చేసి, పొద్దున్నే గింజలు పెట్టకముందు ఒక్కోదాన్ని తూచండి. మామూలు బడ్జీ 30 నుంచి 40 గ్రాములుంటుంది. ఒక పిట్ట దాని సొంత బరువులో పదో వంతు తగ్గిందంటే, అంటే 35 గ్రాములది 31కి వచ్చిందంటే, ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

నేను ఒక నోటుబుక్కులో పిట్టకో పేజీ పెట్టాను. పేర్లు పెట్టడానికి మొదట మనసొప్పలేదు, ఎన్ని బతుకుతాయో తెలీక. అందుకని గుర్తులు రాసుకున్నాను: "నీలం, ఎడమ కాలి వేలు లేదు", "పసుపు, మెడ మీద మచ్చ". మొదటి రోజు అన్నిటికంటే తేలికది 24 గ్రాములు. చేత్తో పట్టుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది.

పట్టుకునేటప్పుడు ఒక జాగ్రత్త. పక్షులకి మనలా ఊపిరితిత్తుల కింద డయాఫ్రమ్ అనే కండరం ఉండదు, రొమ్ము ముందుకీ వెనక్కీ కదిలితేనే ఊపిరి. రొమ్ము నొక్కితే ఊపిరాడదు. మెడని రెండు వేళ్ళ మధ్య వదులుగా ఆపి, వీపు అరచేతిలో ఆనేలా పట్టుకోండి.

ముక్కు చుట్టూ, కాళ్ళ మీద సున్నం పూసినట్టు తెల్లగా పెచ్చులు కట్టింది. ఏంటది?

చాలావరకు అది నెమిడోకాప్టిస్ అనే కంటికి కనపడని మైట్, అంటే అతి చిన్న పురుగు పని. చర్మంలోకి తొలుచుకుపోయి అక్కడే కాపురం పెడుతుంది. దగ్గర్నుంచి చూస్తే ఆ పెచ్చుల్లో తేనెపట్టులో ఉన్నట్టు సన్నని గుంతలు కనిపిస్తాయి. ముక్కు మూలల్లో మొదలై, ముక్కు పైన ఉబ్బుగా ఉండే భాగానికి, కనురెప్పలకి, కాళ్ళకి పాకుతుంది. వదిలేస్తే ముక్కు వంకరగా పెరిగి, పిట్ట గింజ ఒలవలేని స్థితికొస్తుంది. మా 14లో ఐదింటికి ఉంది, ఒకదానికి ముక్కు అప్పటికే పక్కకి తిరిగిపోయింది.

సంతోషించాల్సిన విషయం ఏంటంటే, ఇది బాగా నయమయ్యే జబ్బు. డాక్టర్ ఐవర్‌మెక్టిన్ లాంటి మందుని బరువుకి తగ్గట్టు పలచన చేసి, మెడ వెనక చర్మం మీద చుక్క వేస్తారు. 10, 14 రోజులకి మళ్ళీ వేయాలి. మూడోసారి కూడా పడొచ్చు. ఒకే పంజరంలో ఉన్నవాటన్నిటికీ వేయించాలి, పైకి బాగున్నవాటికి కూడా. ఎందుకంటే ఈ మైట్ పిల్లప్పుడే తల్లి నుంచి అంటుకుని నెలల తరబడి బయటపడకుండా ఉండగలదు. మాకు మూడో వారానికి పెచ్చులు వాటంతటవే రాలడం మొదలైంది. గోళ్ళతో గీకొద్దు, కింద చర్మం పచ్చిగా ఉంటుంది.

పశువులకి వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ సీసా మెడికల్ షాపులో దొరుకుతుంది కదా అని ఇంట్లో వేసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది వందల కిలోల ప్రాణికి తయారు చేసింది. కొబ్బరి నూనె పట్టించడం కూడా వద్దు. ఈకలకి నూనె అంటితే ఒంటి వేడి నిలవదు, ముక్కు రంధ్రాలు కూడా మూసుకుపోతాయి. ఈ మైట్ మనుషులకి అంటదు, ఆ టెన్షన్ అక్కర్లేదు.

పొద్దస్తమానం తింటూనే ఉంది, అయినా బరువు పడిపోతోంది. ఎందుకు?

రెట్టలు చూడండి. పంజరం అడుగున తెల్ల కాగితం వేస్తే బాగా తెలుస్తుంది. బాగున్న పిట్ట రెట్టలో మూడు కనిపిస్తాయి: ఆకుపచ్చ లేదా గోధుమ రంగు చుట్ట, తెల్లటి సుద్ద, కాస్త నీరు. అందులో అరగని గింజలు కనిపిస్తే, తల మీద ఈకలు కక్కిన గింజలతో జిగటగా అతుక్కుని ఉంటే, మాక్రోరాబ్డస్ అనే ఈస్ట్ (బూజు జాతి సూక్ష్మజీవి) అయ్యుండొచ్చు. ఒకప్పుడు దీన్ని మెగాబాక్టీరియా అనేవారు, పాత డాక్టర్లు ఇప్పటికీ అలాగే అంటారు. ఇది కడుపు లోపలి పొరలో చేరి అరుగుదలని దెబ్బతీస్తుంది. పిట్ట ఆకలితో గిన్నె దగ్గరే ఉంటుంది, గింజలు నలుపుతూ ఉంటుంది, ఒంటికి మాత్రం ఏమీ పట్టదు.

అప్పుడే వేసిన రెట్టని మైక్రోస్కోప్ కింద చూస్తే తెలుస్తుంది. కానీ ఒకసారి కనపడకపోతే లేదని కాదు, ఆ ఈస్ట్ రెట్టలో రోజూ పడదు. మళ్ళీ మళ్ళీ చూపించాలి. మందు ఆంఫోటెరిసిన్ బి, నోట్లోకే వేయాలి, వారాల తరబడి వేయాలి. నా 24 గ్రాముల పిట్టకి ఇదే జబ్బు. తొమ్మిదో రోజు పొద్దున చనిపోయింది. తెచ్చిన మూడో రోజు కాకుండా మొదటి రోజే తీసుకెళ్ళి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. మిగతా ఇద్దరు రోగులూ కోలుకున్నారు.

పురుగులు, ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి, కణితులు కూడా బరువు తగ్గిస్తాయి. అందుకే ఊహించి మందు వేయొద్దు.

ఊపిరి తీసినప్పుడల్లా టిక్కుటిక్కుమని శబ్దం వస్తోంది, తోక పైకీ కిందకీ ఊగుతోంది.

కూర్చున్నచోటే తోక ఊగుతుంటే అది ఊపిరికి కష్టపడుతోందని అర్థం. రేపటికి వాయిదా వేయొద్దు. కారణాలు చాలా ఉంటాయి. ఏళ్ళ తరబడి ఒకే రకం గింజలు తిన్నవాటిలో అయోడిన్ తక్కువై థైరాయిడ్ ఉబ్బి గాలి గొట్టాన్ని నొక్కుతుంది. డాక్టర్ అయోడిన్ ఇస్తే తగ్గుతుంది. విటమిన్ ఎ లోపం వల్ల ముక్కులో, గొంతులో పొరలు దెబ్బతిని ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. క్లామిడియా సిట్టసై అనే బాక్టీరియా కూడా కారణం కావచ్చు. దీన్ని సిట్టకోసిస్ అంటారు.

ఆ సిట్టకోసిస్ మనకి కూడా వస్తుందా?

వస్తుంది. ఎండిన రెట్టల దుమ్ము పీల్చడం వల్ల ఎక్కువగా అంటుకుంటుంది. మనుషుల్లో జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, పొడి దగ్గు. న్యుమోనియా దాకా వెళ్ళొచ్చు. కాబట్టి పాత పంజరాన్ని పొడిగా చీపురుతో ఊడ్చొద్దు. ముందు నీళ్ళు చల్లి తడిపి, మాస్కు వేసుకుని, తడిగా ఉండగానే ఎత్తేయాలి. ఇంట్లో చంటిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ళు ఉంటే వాళ్ళని ఆ గదికి దూరంగా ఉంచండి. మీకు జ్వరమొస్తే "మా ఇంట్లోకి కొత్తగా చిలుకలొచ్చాయి" అని మీ డాక్టరుకి మీరే చెప్పాలి. ఆయన అడగరు, మీరు చెప్తేనే ఆ దారిలో ఆలోచిస్తారు. మందు ఉంది, డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది. పిట్టలకి మాత్రం 45 రోజుల కోర్సు వాడటం ఆనవాయితీ. మధ్యలో బాగుందని ఆపొద్దు.

పక్షుల షాపులో ఇచ్చే పసుపు పొడిని నీళ్ళలో కలిపి పెడితే చాలదా?

ఆ పొడి తరచుగా టెట్రాసైక్లిన్ రకం యాంటీబయోటిక్. మైట్‌కి అది పనిచేయదు, ఈస్ట్‌కి పనిచేయదు. పైగా జబ్బుపడ్డ పిట్ట నీళ్ళు తక్కువ తాగుతుంది, చేదుగా ఉంటే ఇంకా తక్కువ తాగుతుంది. మందు అందాల్సినదానికి అందదు, బాగున్నది తాగేస్తుంది. నాకూ మొదట్లో ఒక క్లినిక్‌లో పిట్టల్ని పంజరంలోంచి బయటికి తీయకుండానే, కోళ్ళకి వాడే పొడి రాసిచ్చి నీళ్ళలో కలపమన్నారు. బరువు అడగలేదు, రెట్ట చూడలేదు. రెండు రోజులు అలా పోయాయి.

మరి పక్షుల డాక్టర్ ఎక్కడ దొరుకుతారు?

హైదరాబాద్, విశాఖ లాంటి పెద్ద ఊళ్ళలో ప్రైవేటు క్లినిక్‌లున్నాయి. ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడగండి: "చిన్న చిలుకల్ని చూస్తారా, బరువు తూచి మందిస్తారా?" జవాబు తడబడితే వేరేచోటు చూడండి. వెటర్నరీ కాలేజీలకి అనుబంధంగా ఆసుపత్రులుంటాయి: ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. రెట్ట పరీక్ష చేసే మైక్రోస్కోపు, చూసే ఓపిక ఉన్న చోటైతే సగం పని అయినట్టే.

అన్ని పిట్టల్నీ మోసుకెళ్ళలేకపోతే, అన్నిటికంటే బరువు తక్కువున్నవి రెండు, మూడు తీసుకెళ్ళండి. మిగతావాటి తాజా రెట్టలు, ముక్కుల ఫొటోలు, తూకాల నోటుబుక్కు వెంట ఉండాలి. చిన్న అట్టపెట్టెలో అడుగున గుడ్డ వేసి తీసుకెళ్తే పిట్ట బెదరదు.

డాక్టర్ దొరికేలోగా ఇంట్లో ఏం చేయొచ్చు?

వెచ్చదనం ఇవ్వడం. జబ్బుపడ్డదాన్ని విడిగా చిన్న పెట్టెలో పెట్టి, లోపల 30 డిగ్రీల దాకా వేడి ఉండేలా చూడండి. బల్బు పెడితే పెట్టె బయట, ఒక పక్కనే పెట్టాలి. వేడెక్కువైతే పిట్ట అవతలి పక్కకి జరగగలగాలి. గింజలు, నీళ్ళు కాళ్ళ దగ్గరే ఉండాలి. నోట్లో బలవంతంగా నీళ్ళు పోయకండి, గాలి గొట్టంలోకి పోతాయి. వెచ్చదనం ఒక్కటే ఎన్నో పిట్టల్ని తెల్లారేదాకా నిలబెడుతుంది.

తిండి ఎలా మార్చాలి?

మెల్లగా. గింజలు తప్ప ఇంకోటి ఎరగని పిట్టకి క్యారట్ ముక్క తిండి అని తెలీదు. గింజలు ఆపేస్తే ఆకులు తింటుందిలే అనుకోవద్దు, ఆకలితో కూర్చుంటుంది.

గింజల విషయంలో మనం అదృష్టవంతులం. కొర్రలు, సామలు, వరిగలు, సజ్జలు, రాగులు అన్నీ మనూళ్ళో దొరికేవే. పొట్టు తీయని గింజలు కొనండి. కిరాణాలో అన్నం వండుకోవడానికి అమ్మేవి పొట్టు తీసినవి, అవి వీటికి అంత పనికిరావు. ఒకే రకం కాకుండా కలిపి పెట్టండి. ఎండు కొర్ర కంకి ఒకటి వేలాడదీస్తే ఎంత బెదురుగా ఉన్న పిట్టయినా దగ్గరికొస్తుంది. జబ్బు నుంచి లేచినదానికి ఒళ్ళు పట్టడానికి కూడా అదే మంచిది. పొద్దుతిరుగుడు గింజలు మాత్రం ఎక్కువ పెట్టొద్దు. పంజరంలో కదలకుండా కొవ్వు తింటే కాలేయం పాడవుతుంది.

గింజల్లో లేనివి విటమిన్ ఎ, కాల్షియం, అయోడిన్. కొత్తిమీర, మునగాకు, మెంతికూర, క్యారట్, క్యాప్సికమ్ రోజూ కొంచెం ఇవ్వండి. పాలకూర, తోటకూర, గోంగూర రోజూ వద్దు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. కాల్షియానికి సముద్రపు నురుగు ముక్క పంజరానికి కట్టండి. ఆయుర్వేద దుకాణాల్లో ఈ పేరుతోనే దొరుకుతుంది, పక్షుల షాపులో కటిల్ బోన్ అంటారు. అవకాడో, చాక్లెట్, టీ, కాఫీ, ఉల్లి, ఉప్పు వేసినవేవీ పెట్టకూడదు.

మా పిట్టలు ఎనిమిది రోజులు కొత్తిమీర వైపు కన్నెత్తి చూడలేదు. తొమ్మిదో రోజు కట్టని కడిగి, నీళ్ళు కారుతుండగానే పైన కట్టాను. వేలు లేని నీలం మగపిట్ట వచ్చి ఆ తడి ఆకుల్లో తల దూర్చింది. తర్వాత మెడ, తర్వాత ఒళ్ళంతా. దొర్లుతూ దొర్లుతూ స్నానం చేసింది. అలా చేస్తూ ఒక ఆకు కొరికింది. మర్నాటికి ఆరు పిట్టలు ఆ కట్ట మీద వేలాడుతున్నాయి.

కుండలు ఉంచాలా, తీసేయాలా?

తీసేయండి. ఈ విషయంలో నేను గట్టిగానే చెప్తాను. మన దగ్గర లవ్ బర్డ్స్ అంటే కుండ, కుండంటే గుడ్లు, గుడ్లంటే ఇంటికి మంచిదన్న నమ్మకం. ఆ నమ్మకమే ఎన్నో ఆడపిట్టల ప్రాణం తీస్తోంది. ఒక ఈతలో నాలుగు నుంచి ఆరు గుడ్లు, రోజు విడిచి రోజు పెడుతుంది. కాల్షియం లేని ఒంట్లోంచి ఏడాదంతా గుడ్లు పెడుతూ పోతే ఎముకలు గుల్లబారతాయి. అన్నాచెల్లెళ్ళ మధ్యే సంతానం పుట్టి, పిల్లలు లోపాలతో పుడతాయి. 14 పిట్టలు మీరు చూస్తుండగానే 30 అవుతాయి. నిర్లక్ష్యం చాలా ఇళ్ళలో అక్కడే మొదలవుతుంది, దుర్మార్గం వల్ల కాదు.

కుండలు తీసేసి, వెలుతురు రోజుకి 10 గంటలకి తగ్గించి, చీకటి పడగానే గుడ్డ కప్పండి. కుండలో పిల్లలుంటే మాత్రం అవి 35 రోజులకి బయటికొచ్చి, సొంతంగా తినడం నేర్చుకునేదాకా ఆగాలి. గుడ్లే ఉంటే వాటిని ఉడికించి చల్లార్చి మళ్ళీ పెట్టేయండి. ఒక్కసారిగా తీసేస్తే మళ్ళీ పెడుతుంది. పొదిగే కాలం 18 రోజులు, కొంతకాలం కూర్చుని విసుగొచ్చి తనే వదిలేస్తుంది.

ఆడపిట్ట పంజరం అడుగున కూర్చుని ముక్కుతోంది, పొట్ట ఉబ్బింది.

గుడ్డు అడ్డం పడి ఉంటుంది. ఇది గంటల్లో తేలిపోయే ప్రమాదం. వెచ్చటి పెట్టెలో, లోపల కాస్త తేమ ఉండేలా గోరువెచ్చటి తడిగుడ్డ ఒక మూల పెట్టి, వెంటనే బయల్దేరండి. పొట్ట నొక్కొద్దు, నూనె పోయొద్దు. గుడ్డు లోపల చితికితే ఇక కష్టం.

ఆడ, మగ ఎలా తెలుస్తుంది? దానికీ ఆరోగ్యానికీ సంబంధం ఉందా?

పెద్దవాటిలో ముక్కు పైభాగం మగవాటికి నీలంగా, ఆడవాటికి తెలుపో గోధుమ రంగో ఉంటుంది. పూర్తి తెల్లటి, పూర్తి పసుపు రకాల్లో మగవాటికి కూడా గులాబీ, ఊదా రంగులోనే ఉండిపోతుంది. సంబంధం ఉంది: నీలంగా ఉన్న మగపిట్ట ముక్కు పైభాగం మెల్లగా గోధుమ రంగుకి తిరుగుతుంటే వృషణాల్లో కణితి ఉండొచ్చు. బడ్జీల్లో కణితులు మామూలే. దెబ్బ తగలకుండానే ఒక కాలు పనిచేయకపోతే కూడా లోపలి కణితి నరాన్ని నొక్కుతుండొచ్చు.

గోళ్ళు చుట్టలు తిరిగిపోయాయి. నేనే కత్తిరించొచ్చా?

మొదటిసారి డాక్టర్ చేత చేయించి, చూసి నేర్చుకోండి. గోటి లోపల రక్తనాళం ఉంటుంది. ఇంత చిన్న పిట్ట ఒంట్లో మొత్తం రక్తమే మూడున్నర మిల్లీలీటర్లకి అటూ ఇటూ. కొన్ని చుక్కలు పోయినా లెక్కే. రక్తమొస్తే మొక్కజొన్న పిండి అద్ది, వేలితో ఒత్తి పట్టుకోండి. ముక్కు మాత్రం ఇంట్లో ఎప్పుడూ కత్తిరించొద్దు. అసలు ముక్కు అతిగా పెరిగిందంటే వెనక మైటో, కాలేయ జబ్బో ఉంటుంది, ముందు దాన్ని చూడాలి.

అరికాళ్ళు ఎర్రగా నున్నగా అయిపోయాయి.

ఒకే లావు ప్లాస్టిక్ కర్ర మీద ఏళ్ళ తరబడి నిలబడితే అలా అవుతుంది. వదిలేస్తే పుండ్లు పడతాయి. జామ కొమ్మలు, వేప కొమ్మలు రకరకాల లావుల్లో కడిగి ఎండబెట్టి కట్టండి. పురుగుమందు కొట్టిన చెట్టువి వద్దు. గన్నేరు అసలే వద్దు, అది విషం.

ఇంట్లో పొగల గురించి ఎందుకు అంత భయపెడతారు?

పక్షుల ఊపిరితిత్తులు మనకంటే చాలా సమర్థంగా గాలి పీలుస్తాయి, విషాన్ని కూడా అంతే సమర్థంగా. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పొయ్యి మీద మాడిపోతే దాన్నుంచి వచ్చే ఆవిరి మనకి వాసన కూడా సరిగా తెలియకముందే పిట్టల్ని నిమిషాల్లో చంపేయగలదు. వంటగది దగ్గర పంజరం పెట్టకండి. దోమల చుట్ట, సాంబ్రాణి, అగరుబత్తి, రూమ్ స్ప్రే, పంజరమున్న గదిలో ఏవీ వద్దు. దోమలకి కిటికీ మెష్ కొట్టించండి. దీపావళి మూడు రోజులూ మా పిట్టలు లోపలి గదిలోనే ఉంటాయి.

మన ఎండలకి తట్టుకుంటాయా?

ఆస్ట్రేలియా పిట్టే కదా అంటారు. అక్కడ అది నీడకీ నీళ్ళకీ ఎగిరిపోగలదు, పంజరంలో ఎక్కడికి పోతుంది? మే నెలలో రేకుల కింద, డాబా మీద పెడితే చచ్చిపోతాయి. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కల్ని ఒంటికి ఎడంగా పట్టుకుంటే వడదెబ్బ. నీడకి తెచ్చి, మామూలు నీళ్ళు సన్నగా చల్లి, కాళ్ళు తడపండి. ఐసు నీళ్ళు వద్దు. పొద్దుటి లేత ఎండ మాత్రం విటమిన్ డి కోసం కావాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండతో ఆ పని జరగదు.

ఇంత కష్టం ఎందుకు, వదిలేస్తే పుణ్యం కదా?

వదిలేస్తే వాటికి చావే. పంజరంలో పుట్టిన పిట్టకి మన నేల మీద ఏం తినాలో తెలీదు, కాకినీ గద్దనీ చూసి ఎటు దాక్కోవాలో తెలీదు. చాలామంది షాపుల్లో రెక్కల ఈకలు కత్తిరిస్తారు, అవి ఎగరనే లేవు. రామచిలుక సంగతి వేరు. అది మన అడవి పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో పెంచడం నేరం, అటవీ శాఖకి అప్పగించాలి. బడ్జీలకి ఆ నిషేధం లేదు. కానీ కదలడానికి చోటులేని పంజరంలో ఏ ప్రాణినైనా ఉంచడం, తిండీ నీళ్ళూ పెట్టకపోవడం 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే.

కొన్ని చనిపోయాయి. నా తప్పేనా?

నాకు 14లో మూడు పోయాయి. రెండు మొదటి పది రోజుల్లో, ఒకటి మూడో నెలలో. వచ్చేసరికే లోపల బాగా చెడిపోయినవి కొన్ని ఉంటాయి. చనిపోయినదాన్ని కవర్లో చుట్టి, డీప్ ఫ్రీజర్‌లో కాకుండా మామూలు ఫ్రిజ్‌లో పెట్టి, వీలైతే అదే రోజు వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళి పోస్టుమార్టం అడగండి. మనసుకి కష్టమే. మా మొదటి పిట్టకి అలా చేయించబట్టే మిగతావాటి జబ్బు తేలింది. ఒకేసారి చాలా చనిపోతే, లేదా చుట్టుపక్కల కోళ్ళు కూడా పోతుంటే, పశుసంవర్ధక శాఖకి చెప్పాలి.

కోలుకున్నాక కొన్నిటిని వేరేవాళ్ళకి ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, ఒంటరిగా మాత్రం ఇవ్వొద్దు. బడ్జీ గుంపులో బతికే పక్షి. రెండు మగవాటిని కలిపి ఇస్తే పోట్లాటలు తక్కువ, గుడ్ల గొడవ ఉండదు. తీసుకునేవాళ్ళ ఇంటికి వెళ్ళి పంజరం ఎక్కడ పెడతారో చూడండి. గిన్నెలోకి ఊది చూడటం వాళ్ళకి నేర్పండి.

నేను నాలుగింటిని రెండు ఇళ్ళకి ఇచ్చాను. ఏడు నా దగ్గరే ఉన్నాయి. వేలు లేని నీలం పిట్ట వెళ్ళింది మా పాప క్లాస్‌మేట్ వాళ్ళింటికి. తెచ్చినప్పుడు 29 గ్రాములు, వెళ్ళేరోజు 37. నోటుబుక్కులో దాని పేజీ చించి పంజరంతో పాటే ఇచ్చాను. వాళ్ళిప్పుడు ఆ పేజీకి కొత్త కాగితాలు అతికించి, ప్రతి ఆదివారం తూకం రాస్తున్నారు.